అవ్వ దవడ

"నాన్న వచ్చేశాడు వదినా!"

చిలక షెడ్డు గుమ్మంలో నిలబడి ఆ మాట అనేటప్పటికి కోడలి చేతుల్లో అచ్చు సగం ఊడి ఉంది. మిగతా సగం ఊడనంటోంది.

"రేపు కదా ఆస్పత్రి వాళ్లు పంపిస్తామన్నారు?"

"రేపటిదాకా భరించడం వాళ్ల వల్ల కాలేదేమో. నల్లద్దాలు పెట్టుకుని దర్జాగా బండి దిగుతున్నాడు. అమ్మ చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటున్నాడు."

చిలక మేస్త్రి కూతురు. బొమ్మలాటలో అవ్వకీ, దొంగకీ, పిల్లికీ కూడా గొంతు ఆమెదే. అందుకే ఇంట్లో అందరికీ చిలక అయిపోయింది. మామూలుగా అయితే ఈ పాటికి తండ్రి బండి దిగే తీరు, డ్రైవరును కసురుకునే తీరు రెండూ వినిపించేసి ఉండేది. ఇవాళ ఆమె కళ్లు బల్ల మీదే ఉన్నాయి.

బల్ల మీద గులాబీ రంగు సిలికాన్ రబ్బరు ముద్ద. అందులో ముఖం బోర్లా పెట్టుకుని అవ్వ.

ముప్పై ఏళ్ల కిందట మేస్త్రి ఒకే చెక్కలోంచి చెక్కిన తల అది. దారంతో కదిలే కింది పెదవి తప్ప ఇంకెక్కడా అతుకు లేదని ఆయన గర్వం. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ తల చూపిస్తాడు, తర్వాత తన బొటనవేలి మీద అడ్డంగా ఉన్న ఉలి గాయం మచ్చ చూపిస్తాడు. "ఇది పుట్టేటప్పుడు నాకిచ్చిన కానుక" అంటాడు.

"నేనుండగా ఆ తల మీద నీ డబ్బాల్లోది ఒక్క చుక్క పడకూడదు" అని కోడలికి మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ అందరి ముందే చెప్పాడు.

ఆయన కంటి ఆపరేషనుకు వెళ్లిన రెండు రోజుల్లో ఆమె ఆ పని చేసింది.

సరదాకి చెయ్యలేదు. చెక్క తల దాదాపు కిలో బరువుంటుంది. దాన్ని నాలుగేళ్లుగా చేతికి తొడుక్కుని ఆడిస్తున్న భర్త మణికట్టు ఇప్పుడు పట్టీ లేకపోతే గిన్నె కూడా ఎత్తడం లేదు. శనివారం పెద్ద హాల్లో గంటన్నర ఆట. అచ్చు తీసి, అందులో కాసేపట్లో గట్టిపడే రెజిన్ ద్రవం పోసి, గోడలకి పల్చగా అంటుకునేలా తిప్పితే లోపల డొల్లగా అదే ముఖం వస్తుంది. బరువు పావు కిలో దాటదు. ఇవాళ బుధవారం.

"ఊడిందా లేదా?" చిలక లోపలికొచ్చింది.

"చూడు."

అచ్చు ఎంత బాగా వచ్చిందో! ముడతలన్నీ వచ్చాయి. చెంప మీది పులిపిరి వచ్చింది. రంగు వేసిన కుంచె గీతలు కూడా వచ్చాయి. ఎడమ దవడ దగ్గర మాత్రం, చెవి కిందనుంచి గడ్డం దాకా, రెండు వేళ్ల వెడల్పున సిలికాన్ గట్టిపడలేదు. వేలు పెడితే పాకంలా తీగ సాగింది.

"సరిగ్గా కలపలేదేమో వదినా."

"ఒకే గిన్నెలో కలిపాను. ఒకేసారి పోశాను. ముక్కు దగ్గర గట్టిపడింది దవడ దగ్గర ఎందుకు గట్టిపడదు?"

ఆమె అడుగుతున్నది చిలకని కాదు. ఈ రకం సిలికాన్‌కి గంధకం పడదు. గంధకం ఉన్నదేదైనా తగిలిందంటే అక్కడ ఎన్నాళ్లున్నా జిగురుగానే ఉండిపోతుంది. అందుకే మామూలు రబ్బరు తొడుగులు కూడా వాడదు ఆమె, నీలిరంగువి వేరే తెప్పించుకుంటుంది. కానీ చెక్కలో గంధకం ఎక్కడినుంచి వస్తుంది?

ఇంట్లోంచి మేస్త్రి దగ్గు వినిపించింది. వెంటనే గొంతు.

"అవ్వేదిరా?"

ఎక్కడికి వెళ్లొచ్చినా ఆయన మంచినీళ్లకన్నా ముందు అవ్వని ఒళ్లోకి తీసుకుంటాడు. నోటి దారం ఒక్కసారి లాగుతాడు. టక్ మని నోరు మూసుకున్న చప్పుడు వినిపిస్తే, మేస్త్రి ఇంటికొచ్చాడని అందరికీ తెలుస్తుంది.

ఇవాళ ఆ చప్పుడు లేదు.

* * *

మేస్త్రి ముందుగదిలో తన కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్లో రెండు అరచేతులూ తెరిచి పెట్టుకుని ఉన్నాడు.

"మంచినీళ్లు తాగు నాన్నా ముందు," అన్నాడు కొడుకు.

"నీళ్లెక్కడికీ పోవు. అవ్వేది?"

"నోటి దారం తెగింది. మారుస్తున్నాం."

"ఎవరు మారుస్తున్నారు?"

కొడుకు నీళ్లు నమిలాడు. "మీ కోడలు."

"నీ పెళ్లాం అనరా. బాగుచేసేటప్పుడు నీ పెళ్లామూ, పాడుచేసేటప్పుడు నా కోడలూనా?"

"తల పైకెత్తండి," అంది అత్తయ్య, చుక్కల మందు సీసా మూత తీస్తూ. "కిందకి వంగొద్దన్నారు, గట్టిగా మాట్లాడొద్దన్నారు."

"గట్టిగా మాట్లాడొద్దని నువ్వన్నావు. డాక్టరు అనలేదు." ఆయన తల ఎత్తకుండా గాలి పీల్చాడు. "ఏంటీ వాసన?"

"వదిన దొంగకి పళ్లు పోస్తోంది నాన్నా," అంది చిలక గబుక్కున. "పాతవి ఊడిపోతున్నాయని."

"దొంగ పళ్ల వాసన నాకు తెలుసు. మూడేళ్లుగా పీలుస్తున్నా. ఇది అది కాదు."

అత్తయ్య చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. కొడుకు మణికట్టు పట్టీని విప్పి మళ్లీ బిగించుకున్నాడు, పట్టీ ఏమీ వదులుగా లేకపోయినా.

గుమ్మం దగ్గర నిలబడ్డ కోడలు ఒక అడుగు లోపలికి వేసింది.

"అవ్వకి అచ్చు తీశాను మామయ్యా."

మేస్త్రి నల్లద్దాలు ఆమె వైపు తిరిగాయి.

"ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"మూడుసార్లు."

"లెక్క గుర్తుందన్నమాట."

"గుర్తుంది మామయ్యా. ఆయన చెయ్యి కూడా గుర్తుంది. రాత్రిళ్లు దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారు."

ఆయన కొడుకు వైపు తిరిగాడు. "చెయ్యి నొప్పని నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమనేవాడివి?"

"నేను ఇరవై ఆరేళ్లు ఆడించాను, నాకు రాలేదు నొప్పి, అనేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు."

చిలక నవ్వు ఆపుకోవడానికి గోడవైపు తిరిగింది. మేస్త్రి నవ్వలేదు.

"పోసిన ముఖం ముఖం కాదు," అన్నాడు. ఇప్పుడాయన గొంతు తగ్గింది; తగ్గినప్పుడే ఇంట్లో వాళ్లకి ఎక్కువ భయం. "గంటలో వంద పొయ్యొచ్చు. ఒక్కదానికీ తనెవరో తెలీదు. ఈ ఇంట్లో మట్టి పూసి చెక్కలా చూపించినవాణ్ణి ఏం చేశానో తెలుసు కదా? గుర్రం చెవి విరిగిందని చెక్కడం మానేసి మట్టి పెట్టి రంగేశాడు. సొంత తమ్ముడు. గుర్రాన్ని తీసుకెళ్లి వీధిలో విసిరాను. వాడు ఉలిసంచీ భుజాన వేసుకుని వెళ్లాడు. పంతొమ్మిదేళ్లయింది. నా గుమ్మం తొక్కలేదు."

గుర్రం కథ కోడలు ఈ ఇంటికొచ్చిన మొదటి వారంలోనే విన్నది. చెప్పిన ప్రతిసారీ గుర్రం ఇంకొంచెం దూరం వెళ్లి పడుతుంది. ఈ ఏడాది వీధి అవతల గోడకి తగిలింది.

"తీసుకురా తలని. ఇప్పుడే."

"ముందు చుక్కలు," అంది అత్తయ్య. "వేశాక మాత్ర. మాత్ర వేశాక పడక. కన్ను పోగొట్టుకుని తల చూస్తారా? చూడ్డానికి కన్నుండాలిగా!"

మేస్త్రికి ఎదురు చెప్పగలిగేది ఆమె ఒక్కతే. అదీ సూదీ దారం పట్టుకున్నట్టు, చిన్నగా, ఆపకుండా చెబుతుంది.

ఆయన తల పైకెత్తాడు. చుక్క పడింది. నల్లద్దాల కిందనుంచి మందో కన్నీరో చెంప మీదికి జారింది.

"లేచేసరికి నా ఒళ్లో ఉండాలి," అన్నాడు.

* * *

వరండాలో భర్త ఆమెని ఆపాడు.

"అంత పాడైందా?"

"ఒకచోట అంటుకుపోయింది. శుభ్రం చేసి చూడాలి."

"నేనొచ్చి పట్టుకోనా?"

"ఆ చేత్తోనా?"

అతను పట్టీ వైపు చూసుకున్నాడు. "ఒకాయన్ని రమ్మన్నాను," అన్నాడు. "చెక్క సామాను బాగుచేస్తాడు. తల పాడైందని మాత్రం చెప్పాను. ఎక్కడ పాడైందో, ఏమైందో నాకే తెలియనప్పుడు ఏం చెప్తాను?"

"ఎవరండీ?"

"వచ్చాక చూద్దువుగాని."

ఆ జవాబు ఆమెకి నచ్చలేదు. కానీ అడుగుతూ నిలబడే తీరిక లేదు.

షెడ్డులో ఆమె స్పిరిట్‌తో గుడ్డ తడిపి అవ్వ దవడ మీది జిగురు తుడవసాగింది. జిగురుతో పాటు రంగు కూడా లేచి వచ్చింది. రంగు కింద పల్చటి గుడ్డపీలిక, దాని మీద లక్క పూత. పీలిక అంచు పట్టుకుని లాగితే ఊడి వచ్చింది.

కింద చెక్క లేదు.

బూడిదరంగు మట్టి ఉంది. గోరు పెడితే దిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాల్చిన అగ్గిపుల్ల వాసన. బొమ్మలు చేసేవాళ్లు నమూనాలకి వాడే నూనెమట్టి. ఎన్నేళ్లున్నా ఎండదు. అందులో కలిపేదే గంధకం.

"వదినా!" చిలక గొంతు కీచుగా వచ్చింది. "ఒకే చెక్క అన్నాడుగా!"

"అన్నారు."

"మరి ఇదేంటి?"

"పగులు. చెవి నుంచి గడ్డం దాకా. మట్టితో పూడ్చి, గుడ్డ అంటించి, లక్క పూసి, పైన రంగేశారు."

"ఎవరు?" చిలక అటూ ఇటూ చూసింది. "బాబాయా? బాబాయే అయ్యుంటాడు! గుర్రానికి చేసినవాడు దీనికి చెయ్యడా? నాన్నకి తెలిస్తే..."

తెలిస్తే ఏమవుతుందో చిలక చెప్పలేదు. కోడలు టార్చి వెలిగించి మెడ రంధ్రంలోంచి తల లోపలికి చూసింది. పగులులోంచి మట్టి లోపలికి పొంగి వచ్చింది. లోపలినుంచి దాన్ని ఎవరో బొటనవేలితో అదిమారు. వేలి గుంట అలాగే ఉంది. ఆ గుంటలో ఏదో గీత కూడా ఉంది కానీ ఆ చీకట్లో సరిగ్గా కనిపించలేదు.

ఈ మట్టి తీసేస్తే తప్ప అచ్చు తీయడం కుదరదు. తీసేముందు ఉన్నదున్నట్టు ఒక అచ్చు తీసి పెట్టుకోవాలి. అది ఆమె పద్ధతి. ఏది విప్పినా, ఏది గీకినా, ముందు దాని ముద్ర తన దగ్గర ఉండాలి. పని నేర్పిన చోట చెప్పిన మొదటి మాట అది.

అందుకే తీస్తున్నాను అనుకుంది. కొంతవరకు నిజమే.

అల్మరా అడుగున పాత తెల్లరకం సిలికాన్ డబ్బా ఉంది. అది అంత నాణ్యమైంది కాదు గానీ దానికి గంధకంతో పేచీ లేదు. తొందరగా గట్టిపడే మందు కలిపి, తలని పక్కకి వాల్చి, ఆ వేలి గుంట మీద కొంచెం పోసింది. గంటన్నర పట్టింది. ఈలోపు చిలక ఇంట్లోకి మూడుసార్లు వెళ్లొచ్చింది. మూడుసార్లూ వచ్చి నాన్న గురక పెట్టి చూపించింది.

తెల్ల ముద్ద చేతికొచ్చాక రెజిన్ రెండు సీసాల్లోంచీ గిన్నెలోకి వంచి సమంగా తూచింది. బుడగలు రాకుండా నెమ్మదిగా కలిపి ఒక మూలనుంచి సన్నటి ధారగా వంచింది. తేనెరంగులో ఉన్నది చూస్తుండగానే పాలరంగుకి తిరిగింది. గిన్నె వేడెక్కింది. ఇరవై నిమిషాల తర్వాత ఆమె అరచేతిలో బాదం గింజంత గుంట ఉన్న తెల్లటి ముక్క పడింది.

దాన్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. వేలి గీతలు ఒక్కోటీ కనిపిస్తున్నాయి. గీతలన్నిటినీ కోస్తూ అడ్డంగా ఒక మచ్చ.

ఆ మచ్చ ఆ ఇంట్లో తెలియనిది ఎవరికి?

"ఏమైంది వదినా? ఏముంది అందులో?"

"ఏం లేదు. బుడగ పడింది," అని ముక్కని ఏప్రన్ జేబులో వేసుకుంది.

చిలక నమ్మలేదు. ఇంకో ప్రశ్న వేసేదే గానీ, గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. భుజాన అవ్వ కొత్త రవిక, వేళ్ల మధ్య సూది.

"చిలకా, నాన్న లేచే వేళయింది. టీ పెట్టు."

చిలక వెళ్లింది. అత్తయ్య బల్ల దగ్గరికొచ్చి విప్పి ఉన్న దవడని చూసింది. ఆశ్చర్యపోలేదు. కోడలు జేబులోంచి ముక్క తీసి చూపించింది. అత్తయ్య దాన్ని పట్టుకోలేదు, ఊరికే చూసింది.

"మూసెయ్," అంది. "మళ్లీ ఏదో ఒకటి పెట్టి రంగేసెయ్. నీకు వచ్చుగా."

"మీకు తెలుసా అత్తయ్యా?"

"నాకు తెలిసినవన్నీ చెప్పుకుంటూ కూర్చుంటే ఈ ఇంట్లో ఒక్క బొమ్మకీ బట్ట కుట్టేదాన్ని కాదు."

"చిన్నమామయ్యని పంపించేశారు కదా, మట్టి పెట్టాడని."

అత్తయ్య రవిక అంచు తిప్పి కుట్టు సరిచూసుకుంది. "గుర్రం వీధిలో పడింది, ఇది ఆయన చేతుల్లోంచి జారి పగిలింది. రెండూ ఒకే వారంలో."

"ఏది ముందు?"

అత్తయ్య దారం పంటితో కొరికింది. రవిక భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

* * *

సాయంత్రం అయిదింటికి మేస్త్రి తనే షెడ్డుకి వచ్చాడు. ఒక చేత్తో గోడ తడుముకుంటూ, రెండో చేత్తో చిలక భుజం పట్టుకుని వచ్చాడు.

ఆ పాటికి కోడలు మట్టంతా తీసేసింది. ఏదో ఒకటి పెట్టి మూసెయ్యమన్న మాట చెవిలోనే ఉంది గానీ చెయ్యి రాలేదు. పగులు పగులుగానే ఉంది.

"ఇలా ఇవ్వు."

ఆమె అవ్వని ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన నుదురు తడిమాడు, ముక్కు తడిమాడు, పులిపిరి మీద ఒక క్షణం ఆగాడు. వేళ్లు ఎడమ దవడ మీదికి వచ్చి ఆగిపోయాయి.

"ఇక్కడేం చేశావు?"

"అక్కడ పగులుంది మామయ్యా."

"ఉంది కాదు. చేశావు."

"నేను చెయ్యలేదు."

"ముప్పై ఏళ్లు లేని పగులు రెండు రోజుల్లో ఎక్కడినుంచి వచ్చింది? నేను కన్ను కోయించుకుని పడుకుంటే నువ్విక్కడ దీని దవడ కోశావు." ఆయన మాటలు పైకి లేస్తున్నాయి. కానీ వేళ్లు మాత్రం ఆ పగులు అంచుని మెల్లిగా, తెలిసిన దారిలో నడిచినట్టు రాస్తున్నాయి. "శనివారం ఆట లేదు. హాలు వాళ్లకి ఫోన్ చేసి చెప్పమను. రేపు పొద్దునకి ఈ బల్ల ఖాళీ కావాలి. నీ డబ్బాలూ, నీ తూకం, నీ పళ్లూ, అన్నీ. ఈ షెడ్డులో ఇంక పోత అనే మాట వినపడకూడదు."

"నాన్నా, వదిన కాదు! దాని కింద మట్టి..."

"చిలకా!" కోడలు గట్టిగానే అంది. "నువ్వు లోపలికెళ్లు."

"నేనెందుకు..."

"వెళ్లు చిలకా. నీకు దణ్ణం."

చిలక ఒకసారి తండ్రినీ, ఒకసారి వదిననీ చూసి వెళ్లింది. అడుగులు వరండా దాకా వెళ్లి అక్కడ ఆగాయి. తలుపు చప్పుడు రాలేదు.

కోడలు బల్ల వైపు చూసింది. పుట్టింట్లో ఆమెకి బల్ల లేదు. మోకాళ్ల మీద అట్టముక్క పెట్టుకుని రసాయనశాస్త్రం చదివింది. వాళ్లింట్లో డిగ్రీ అన్న మాట మొదట పలికింది తనే. ఆ చదువు ఎందుకు పనికొస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. పనికొచ్చిన చోటు ఇదొక్కటే. బల్ల మీది అరలో బొటనవేలంత చేతులు, దొంగ పళ్ల వరసలు, గాజులా మెరిసే లాంతరు, కొరికిన గుర్తున్న ఎర్రటి ఆపిల్. అన్నీ ఆమె పోసినవే. రేపు పొద్దునకి ఖాళీ కావాలట.

"నిజం చెప్పమంటారా మామయ్యా?"

"చెప్పడానికేముంది ఇంక?"

ఆమె జేబులోంచి ముక్క తీసి ఆయన కుడి అరచేతిలో పెట్టింది.

"ఏంటిది?"

"మట్టి లోపలివైపు ఉన్నది. తీసేముందు పోసి పెట్టాను."

ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పాడు. నున్నటి వైపు, గరుకు వైపు. గుంట దొరికింది. ఏ పనివాడైనా చేసేదే ఆయనా చేశాడు, బొటనవేలు అందులో పెట్టి చూశాడు.

అతికినట్టు సరిపోయింది.

తీయలేదు. బయట ఎవరో బకెట్టులో నీళ్లు పట్టుకుంటున్న చప్పుడు. అది నిండింది. ఆగింది. ఆయన వేలు ఇంకా అందులోనే ఉంది. అవ్వ తల ఎడమ చంకలో ఉంది, దవడ తెరిచి.

"ఎంత సన్నగీతనీ వదల్లేదు," అన్నాడు చివరికి. కోపంగా అనలేదు. పని తెలిసినవాడు ఇంకొకరి పనిని చూసి అనే మాటలా అన్నాడు. "ఇంకెవరు చూశారు?"

"అత్తయ్య."

"ఆవిడ అప్పుడే చూసింది. ఇంకా?"

"ఇంకెవరూ చూడలేదు."

"వాడికి? నీ మొగుడికి?"

"చెప్పలేదు."

"చెప్పకు." ఆయన గొంతు సర్దుకున్నాడు. "బల్ల నీదే. ఎప్పటికీ. అవ్వకి అచ్చు తీసుకో, తేలికది చేసుకో, శనివారం అదే ఆడించండి. నేనేమీ అనను. ఇది మాత్రం చెప్పకు."

ఆమె అడుగుదామని మూడేళ్లుగా దాచుకున్నవన్నీ ఆయన ఒక్క ఊపిరిలో ఇచ్చేశాడు. పుచ్చుకోవడానికి ఆమె చెయ్యి ముందుకు రాలేదు.

"మరి చిన్నమామయ్య?"

నల్లద్దాల వెనక ఏముందో ఆమెకి కనిపించలేదు. పెదవి ఒక పక్కకి లాగడం మాత్రం కనిపించింది.

"ఆట ఇంకో గంటలో ఉందనగా జారింది," అన్నాడు. "దొరికిందేదో పెట్టి అదిమాను. తర్వాత తీరిగ్గా చెక్కుదామనుకున్నాను. తీరిక ఎప్పుడొచ్చింది? మూడోనాడు వాడు గుర్రం చెవికి అదే మట్టి పెట్టుకొచ్చాడు. నన్ను చూసి చేశాడో, వాడికే తోచిందో. నా మొహంలోకి చూసి నవ్వాడు కూడా. ఆ నవ్వేంటో... వాడు చూశాడో లేదో నాకు ఇవాళ్టికీ తెలీదు."

"అడగలేదా?"

"ఎలా అడుగుతాను?"

ఆమె అరలోని లాంతరు వైపు చూసింది. చెప్పనంటే బల్ల మిగులుతుంది. చెబుతానంటే ఏం మిగులుతుందో తెలియదు. ఒప్పుకుంటే రేపటినుంచి ఆ బల్ల దగ్గర కూర్చున్నప్పుడల్లా...

గేటు చప్పుడైంది. వరండాలో చిలక "అమ్మో" అనడం వినిపించింది. ఏ బొమ్మ గొంతూ కాదది.

"నాన్నా," భర్త షెడ్డు బయటనుంచి పిలిచాడు. అతని గొంతులో భయమూ మొండితనమూ కలిసి ఉన్నాయి. "కోప్పడకు. ఈ చెక్క బాగుచెయ్యడం ఇంకెవరికీ రాదని నేనే పిలిచాను. తల పాడైందని తప్ప ఇంకేం చెప్పలేదు."

మేస్త్రి బొటనవేలు ఆ గుంటలోంచి లాక్కోబోయాడు. వేలికి చెమట పట్టి ముక్క దానితోపాటే వచ్చింది.

గుమ్మంలో వెలుతురుకి అడ్డంగా ఒక మనిషి నిలబడ్డాడు. జుట్టు నెరిసింది, భుజాన పాత ఉలిసంచీ. లోపలికి అడుగు పెట్టలేదు. బల్ల వైపు చూడలేదు, అన్న చంకలో ఉన్న తల వైపు చూడలేదు. అన్న మొహంలోకే చూశాడు.

"ఎడమ దవడేనా అన్నయ్యా?" అన్నాడు.